ఇరవై ఏళ్ళ తరువాత...

సీరియల్ ప్రోమో చూశారుగా. లారీ, లోయ, జోరువాన, ఆపైన తెర మీద అక్షరాలు: ఇరవై ఏళ్ళ తరువాత. శనివారం దాకా కాలేజీకెళ్ళిన కోడలుపిల్ల సోమవారానికి పెళ్ళీడు కూతురి తల్లి! చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు, ఒక కళ్ళజోడు. అంతే ముసలితనం. పక్కన నిలబడ్డ కూతురే ఆవిడకి అక్కలా ఉంది.

అత్తగారికి మాత్రం ఒక్క ఏడూ మీద పడలేదు. అదే కాటుక, అదే కుట్ర. హాల్లో సోఫా కూడా మారలేదు. పైగా కథ ఇప్పటి రోజుల్లోనే నడుస్తోందట. మరి ఈ ఇరవై ఏళ్ళ గెంతుకి, అదే లీపుకి, ముందు ఈ పిల్ల విలన్ గుట్టంతా వాట్సాప్ వీడియోతోనే బయటపెట్టింది కదా, అప్పటికి వాట్సాప్ పుట్టిందా? అది వచ్చిందే 2009లో!

2022లో 'కార్తీక దీపం' సీరియల్ తన హీరోహీరోయిన్లు డాక్టర్ బాబునీ వంటలక్కనీ ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని రాత్రికి రాత్రే పెద్దచేసింది. రేటింగు పడ్డాక ఇద్దర్నీ బతికించుకొచ్చింది. సావిత్రి పాపం యముడి వెంట అంత దూరం నడిచింది గానీ, గురువారం వచ్చే బార్క్ రేటింగు అంకెలుంటే ఇంట్లో కూర్చునే పని జరిగేది.  

ఇంతకీ ప్రోమోలో ఆ కోడలి వేషం వేసిన పిల్ల గురించి ఎవరైనా ఆలోచించారా? పాతికేళ్ళుంటాయేమో. రోజుకింతని లెక్కకట్టే డబ్బు. పాత్ర చస్తే ఆ రోజుతో సరి. తల్లి వేషం వద్దంటే మర్నాడే తెర కింద 'ఇకపై ఈ పాత్రలో' అంటూ ఇంకొకరి పేరు. సరేనంటే జన్మకంతా తల్లి ముద్ర. సినిమా ఆఫీసుకెళ్తే "సీరియల్ ఫేసండీ" అని తలుపేస్తారు. అదే ఆఫీసులో అరవై దాటిన హీరోగారికి పాతికేళ్ళ హీరోయిన్‌తో డ్యూయెట్ రాస్తుంటారు. ఆయన వయసుకి లీపు వెనక్కే! సిగ్గుండాలి.

ఇక మిగిలేది బిగ్‌బాస్. అక్కడ గిన్నెలు తోముతూ, 'నేనూ చిన్నదాన్నే' అని జనానికి గుర్తుచేసుకోవాలి.

అయ్యా చానెళ్ళవారూ, కథ అయిపోతే సీరియల్ ముగించండి. ఆ పిల్లల వయసు జోలికి పోకండి.