సూదికీ వీసా!

తొలి విదేశీయానం లోకజ్ఞానం నేర్పుతుందంటారు. 2021లో మనవాళ్లకు విమానమెక్కకముందే నేర్పింది. శామీర్‌పేట దగ్గరి తుర్కపల్లిలో పుట్టిన కొవిడ్ టీకా కోవాగ్జిన్‌కు, మూడో దశ ప్రయోగాల ఫలితాలు రాకముందే, జనవరి 3న ఢిల్లీ అత్యవసర అనుమతి ఇచ్చేసింది. జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం కాగితాలన్నీ తిరగేసి, మళ్లీ అడిగి, నవంబర్ 3న గానీ తలూపలేదు. ఆ పది నెలలూ రెండు డోసులు వేయించుకుని, ఆవకాయ జాడీతో సహా పెట్టె సర్దుకున్న పెద్దాయన చాలా దేశాల లెక్కలో టీకా వేసుకోనివాడే! లండన్‌లో దిగితే పది రోజులు గది దాటకూడదన్నారు. తొందరపడి చేసిన సంతకం పొలిమేర దాటదని అప్పుడే తెలిసొచ్చింది. సూది తుర్కపల్లిది, వాత జెనీవాది!