లాన్ బోర్డుకు టీకా తాత్పర్యము

మూలము: ఇచ్చట మెక్సికన్ లాన్ లభించును. ఎల్లప్పుడూ పచ్చగా ఉండును. రోజూ నీరు పెట్టవలెను.

నర్సరీ గేటుకు వేలాడే రేకు మీద ఎర్ర రంగుతో వెలసిన ఈ సూత్రాలకు ఇంతవరకు వ్యాఖ్యానం లేదు. కొలాచల మల్లినాథసూరి, మన మెదక్ సీమవాడు, మూలం లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేశాడు. పచ్చిక వ్యాఖ్యాతకు ఆ నియమం మరీ ముఖ్యం. ఇక్కడ మూలమంటే వేరు.

ప్రతిపదార్థము: ఇచ్చట = నర్సరీ నీడవల కింద (ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు కలిసిన కొనేవాడి పెరటిలో అని అర్థం కాదు); మెక్సికన్ = మెక్సికోకు చెందనిది; లాన్ = ఆవుకు ప్రవేశం లేని గడ్డి; లభించును = వెల చెల్లించినచో.

‘మెక్సికన్’ పదం దగ్గర కాస్త ఆగాలి. ఆ పేరుతో ఎక్కువగా అమ్మేది జోయిసియా. దాని పుట్టిల్లు ఆసియా వైపు. మెక్సికోకు ఈ బంధుత్వం ఎవరు కలిపారో గానీ పేరు మాత్రం నాటుకుపోయింది.

ఇక ‘రోజూ నీరు’. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల పచ్చికకు ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్లు పెడితే 500 లీటర్లు. అంటే పది రోజులకు 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి. హైదరాబాదులో ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అదీ చాలావరకు జూన్, సెప్టెంబరు నడుమ. ఏప్రిల్, మే నెలల భారం ట్యాంకరుదే. పైగా రోజూ పైపైన తడిపితే వేళ్లు పైనే కూర్చుంటాయి. నాలుగు రోజులకోసారి లోతుగా తడిపితే నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి.

పాఠాంతరము: ‘మెక్సికన్’కు బదులు ‘గరిక’ అని చదువుకోవచ్చు. లోతైన నేలలో దాని వేళ్లు మీటరు దాటి దిగుతాయి. మే నెలలో గోధుమ రంగుకు తిరిగి చచ్చినట్టు పడి ఉంటుంది, తొలకరికి లేస్తుంది. కనుక ఈ పాఠంలో ‘ఎల్లప్పుడూ’ అనే పదం కొట్టివేయవలెను.

శంక: రైతు చేలో తవ్వి పారేసేదాన్ని డబ్బు పెట్టి నాటడమా? సమాధానము: అమెరికావాళ్లు దీన్నే బెర్ముడా గడ్డి అంటారు. దీనికీ ఆఫ్రికాలోని దాని దాయాదికీ పుట్టిన సంకరాన్ని 1960లో ‘టిఫ్‌వే 419’ పేరుతో విడుదల చేశారు. దానికి విత్తనం కట్టదు, కాబట్టి కాడలే కొనాలి. మన గట్టు మీది గరికకు ఆ బిల్లు లేదు.

దోషాలూ చెప్పాలి. గరిక నీడలో బతకదు. గులాబీ మడిలోకి పిలవకుండానే వస్తుంది. మామిడి చెట్టు కింద దీన్ని నాటి ఏడ్చేకంటే రాలిన ఆకుల్ని అలాగే వదిలేయడం మేలు. దర్భ కూడా దేశవాళీదే, మొండిదే. కానీ దాని ఆకు అంచు రంపం. దాని మీద పిల్లలు దొర్లలేరు.

విశేషము: కొన్న పచ్చిక పలకల్లో తుంగ ఉచితంగా వస్తుంది. కాడను వేళ్ల మధ్య తిప్పి చూస్తే మూడు పలకలుగా తగులుతుంది. గడ్డ మిగలకుండా తవ్వాలి.

తొలకరి పడ్డాక గరిక కాడల్ని జానెడు ఎడంతో నాటితే వినాయక చవితికి నేల దాదాపు కమ్ముకుంటుంది. ఆ ఉదయం పత్రి కోసం పక్కింటి పిల్లలు గేటు తట్టినప్పుడు, కొంత కోత వాళ్లే కోసుకుపోతారు.