హోదా ఘనం, కుర్చీ ఖాళీ

తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆ హోదాతో పుట్టిన అధ్యయన కేంద్రం ఏళ్ల తరబడి మైసూరులో తలదాచుకుని, ఎప్పటికో నెల్లూరు చేరింది. హోదా పేరు చెప్పి శాలువాలు కప్పించుకున్న ఏలినవారు మాత్రం, విశ్వవిద్యాలయాల్లో తెలుగు, సంస్కృత ఆచార్యులు రిటైరైతే ఆ కుర్చీలను మ్యూజియం వస్తువుల్లా ఎవరూ కూర్చోకుండా భద్రపరుస్తున్నారు. పాఠం చెప్పే భారమంతా గంటల లెక్కన డబ్బులందుకునే గెస్ట్ లెక్చరర్లది.

‘ఎమ్మే తెలుగు చదివితే ఉద్యోగమేదీ?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే, ఆ ఉద్యోగాలు భర్తీ చేయాల్సినవారే అడగడం విడ్డూరం. పిల్లలు చేరడం లేదు కనుక పోస్టులు దండగంటారు. పోస్టులు లేకే పిల్లలు చేరడం లేదని మాత్రం ఒప్పుకోరు. పోనీ, గిరాకీ లేదనే అనుకుందాం. కడప సీమలోని ఆరో శతాబ్దపు రేనాటి చోళుల శాసనాలు చూపించే కదా మన భాష పాతదని చాటుకుంటున్నాం! అలాంటి శాసనం చదవగల మనిషి తయారవడానికి ఏళ్లు పడుతుంది. టెండరు పిలిస్తే దొరకడు. రేపెవరైనా ఆధారాలు అడిగితే రాయిని చూపిస్తాం, సరే. చదివి చెప్పేదెవరు? దానికీ ఔట్‌సోర్సింగే కాబోలు!