కుంపటికి ముందు నా వంతు

నేనొక కటకమును. అతిసమీపముననున్న సూక్ష్మవస్తువులను పెద్దవి చేసి చూపుట నా వృత్తి. 55 మిల్లీమీటర్ల మైక్రో లెన్సునని నా మెడచుట్టు చెక్కిన అక్షరములు చెప్పుచున్నవి. మా వంశమునకు మూలపురుషుడు 1956లో జపానుదేశమున నికాన్ సంస్థవారి కర్మాగారమున జన్మించెను. ఆ దేశపు లిపిలో ఒక్కొక్క అక్షరమునందు గీతలు పెక్కులు ఒండొంటిని ఒరసికొని యుండుటచేత, గ్రంథపత్రములను మైక్రోఫిల్ముమీదికి కుదించునపుడు, రోమను అక్షరములకు చాలిన కటకములు ఆ గీతల నడుమనుండు ఎడమును నిలుపజాలక మసకబార్చుచుండగా, ఆ కొఱత దీర్చుటకై మా పెద్దను రూపొందించిరి. నగలకొఱకు గాక అక్షరములకొఱకు పుట్టిన వంశము మాది. అయినను సన్నని గీతను మఱియొక సన్నని గీతనుండి విడదీసి చూపు ఆ విద్యయే పిదపకాలమున వెండితీగ పనిని చూచుటకు నాకు అక్కఱకు వచ్చినది.

సౌదీ అరేబియా రాజధానియగు రియాద్ నగరమునకు నన్ను గొనివచ్చినవాడొక దంతవైద్యుడు. ఆతని యొద్దనున్నంత కాలము పుచ్చిన పండ్లను, వాచిన చిగుళ్లను తప్ప నేను వేఱొకటి యెఱుగను. ఫిల్ము కెమెరాల కాలము తీరినపిమ్మట ఆ వైద్యుడు తన పాతసామగ్రితో నన్నును అమ్మివేయగా, బత్హా పేటలో ఒక పాతసామానుల అంగడి గాజుపెట్టెను చేరితిని. శుక్రవారము వచ్చెనా, బత్హా వీథులలో తెలుగును, మలయాళమును, ఉర్దూయును, వంగభాషయు ఒక్కటిగా కలిసి హోరెత్తును. ఊరినుండి క్రొత్తగా వచ్చినవారి యోగక్షేమములు, కఫీళ్లనబడు పూచీదారుల సంగతులు, ఇకామాయను నివాసపత్రముల గడువులు, ఇంటికి పంపవలసిన రియాళ్ల లెక్కలు అన్నియు అచ్చటనే తెగవలెను. అట్టి యొక శుక్రవారమున నా ప్రస్తుత యజమాని నన్ను చేతబట్టి, దీపమువైపు త్రిప్పి, అద్దములలో బూజు లేదని నిశ్చయించుకొని, బేరమాడి కొనెను.

అతడు కరీంనగరువాడు, వెండితీగ పనివారి కుటుంబమున పుట్టినవాడు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిని గూర్చి తెలుగువారికి నేను చెప్పవలసినది తక్కువయే యైనను, చెప్పక ఉండజాలను. సన్నని వెండితీగలు రెండింటిని పెనవేసి, చదును చేసి, చుట్టలుగా చుట్టి, మందపుతీగతో కట్టిన చట్రమున పొదిగి, వెలిగారమును టంకపుపొడిని చల్లి, ఊదుగొట్టముతో మంటనూది అతుకుదురు. మంట క్షణకాలము హెచ్చెనా, అంతవఱకు పడిన శ్రమయంతయు ముద్దయగును. అత్తరుదానులును, పాన్‌దానులును చేసిన ఆ కులవిద్యకు ఊర కూలి గిట్టక, అతడు గల్ఫుదారి పట్టెను. ఇచ్చట దీరా ప్రాంతమున, మస్మక్ కోటకు అనతిదూరముననే, బంగారపు అంగళ్లకు మరమ్మతులు చేసిపెట్టు చిన్న పనికొట్టములో అతడు తెగిన గొలుసులను అతుకును, ఉంగరములను సాగదీయును, రాలిన రాళ్లను మరల పొదుగును. కొనువారి ఫోనులకు పంపుటకు నగల బొమ్మలు కావలెనని పనికొట్టపు యజమాని కోరగా ఆ భారమును తానే పైన వేసికొనెను. నన్ను కొన్నది అందులకే.

బంగారమును చూచువారు బంగారమునే చూచుచున్నామని తలంతురు. నాకు కనబడునది వేఱు. మెఱుగుపెట్టిన లోహమునకు తనదని చెప్పదగిన రూపము స్వల్పము. చుట్టునున్నదాని నెల్ల లోగొని మరల చూపుటయే దాని స్వభావము. 21 కారట్ల గాజు నొకదానిని తొలిసారి నా ముందుంచినపుడు, దాని వంపులలో పైకప్పు దీపముల వరుసయు, పనివాని గళ్లచొక్కాయు, తలుపుసందున చొరబడిన వీథివెలుగును, అన్నిటి నడుమ నల్లని వలయమైయున్న నా ముఖమును కనబడినవిగాని, గాజు కనబడలేదు. నా యజమాని కంసాలి గనుక దీపమును దూషింపక, లోహము దేనిని చూచుచున్నదో దానిని మార్చ మొదలిడెను. తోబులను పొడుగు అంగీలను కుట్టు దర్జీయొద్ద మిగిలిన తెల్లని పలుచనిగుడ్డను తెచ్చి, ఇనుపతీగ చట్రముపై డేరాగా కప్పి, ఇరుప్రక్కల రెండు బల్లదీపములను గుడ్డకు వెలుపలనే నిలిపి, గదిలోని పసుపుదీపముల నన్నిటిని ఆర్పివేసెను; ఏలయన, పసుపు వెలుగును తెలుపు వెలుగును కలిసిపడినచో మేలిమిబంగారము సైతము ఇత్తడియని అనిపించును. ఇప్పుడు గాజు నిండ తెల్లదనమే గాని అంచు తెలియదు. అంచు తెలియుటకు నల్లకాగితపు పట్టీలు రెండు కోసి గాజునకు ఇటునటు నిలుపగా, ఆ నలుపు సన్నని రేఖయై వంపువెంబడి ప్రాకి, గాజు గుండ్రముగా లేచి నిలిచెను. లోపలివైపున ముద్రించిన 875 అను అంకెయు స్పష్టపడెను. ఇచ్చటివారికి ఆ 21 కారట్లే ప్రీతి. మనవారు వచ్చినచో 22 కారట్ల 916 ముద్రను వెదకుదురు. అంకెలలోని భేదము స్వల్పమేగాని, దగ్గఱనుండి చూచు నాకు వానిలో రెండవదాని పసుపు ఒకింత చిక్కనిది.

ఈ తెల్లడేరా సర్వరోగనివారిణి యని భ్రమపడరాదు. లోహమునకు విశాలమైన మెత్తని వెలుగు కావలెను. వజ్రమునకు చిన్నదియు కఠినమైనదియు నగు వెలుగు లేనిదే నిప్పు పుట్టదు. రెండును ఒక్క ఉంగరముననే యుండును గదా! డేరాకు చిన్నకన్ను పొడిచి, చేతిటార్చిని అందుగుండ రాతిమీదికి మాత్రమే ప్రసరింపజేసి అతడు ఆ పేచీని తీర్చెను. ముత్యమునకు ఒక ప్రక్కవెలుగు చాలును. రెండవది చూపినచో ముత్యము చదునగును.

నాకు స్వతస్సిద్ధముగా వస్తువును అర్ధప్రమాణమునకు మించి చూపు శక్తి లేదు. కెమెరాకును నాకును నడుమ ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అను బోలుకడియమును బిగించినపుడు మాత్రము వస్తువు తన నిజప్రమాణముననే కెమెరాలోని సెన్సారుపై పడును. అపుడు వచ్చు చిక్కులు కొన్ని కలవు. అపర్చరును 8 వద్ద నిలిపినను స్పష్టముగా అగపడు మందము ఇంచుమించు ఒక్క మిల్లీమీటరే. 22 వఱకు మూసితిమా, ఆ మందము పెరుగునుగాని, ఇఱుకుద్వారమున వెలుగు చెదరి బొమ్మయంతయు మెత్తబడును. కాబట్టి నన్ను వెండ్రుకవాసి వెండ్రుకవాసిగా ముందునకు జరుపుచు, ఒకే నగకు పెక్కు బొమ్మలు తీసి, కంప్యూటరులో వానిని ఒక్కటిగా పేర్చుట అవసరమగుచున్నది. ఆ నడుమ బల్ల కదలరాదు. ఏసీ తిరుగుచున్నంతసేపు గోడయు బల్లయు సన్నగా వణకుచునే యుండును. మీకది తెలియదు, నాకు తెలియును. అందుచేత ఎండ 45 డిగ్రీలు దాటు జులై మాసమున సైతము అతడు ఏసీని ఆపి, చెమట నగమీద పడకుండ నుదుటికి రుమాలు కట్టుకొని, ఊపిరి బిగబట్టి మీట నొక్కును.

ఇంతవఱకు చెప్పినది కొలువునకు సంబంధించిన పని. నా మనస్సు నిండినది మఱియొకచోట.

దీరాలోనే సూక్ అల్ జల్ అను పాతవస్తువుల అంగడివీథి కలదు. ఎడారిజాతుల స్త్రీలు ధరించిన వెండినగలు అచ్చట గుట్టలుగా పడియుండుట అతడు చూచెను. పెండ్లినాడు వధువునకు సంక్రమించిన వెండి ఆమె సొంతసొత్తు. ఆమె గతించినపిమ్మట తరచుగ దానిని కరగించుటయేకాని, ఒకరి నగను మఱియొక వధువు ధరించు వాడుక అరుదు. అందుచేత ఆ పనివారు ఎంతటి నేర్పరులైనను, వారి చేతిపనికి ఒక స్త్రీ జీవితకాలమును మించిన ఆయువు దొరకుట దుర్లభమైనది. ఆపై కాలము మారి, నూనెసిరి వచ్చి, పెండ్లికూతుళ్లు వెండిని విడిచి బంగారమును కోరగా, మిగిలిన వెండియు మూసలోనికి నడచినది. 1978లో హెదర్ కాలియర్ రాస్ అను విదుషి సౌదీ అరేబియాలో బదూలనబడు ఆ ఎడారిజాతుల నగలపై గ్రంథము ప్రకటించునాటికే ఆ విద్య చాలవఱకు సన్నగిల్లినది. బంగారము గతియు అంతే. మహ్ద్ అద్ దహబ్ గనిలో ప్రాచీనులు త్రవ్వినది, 1939 మొదలు 1954 వఱకు యంత్రములతో తీసినది, 1988 తరువాత మరల తీయుచున్నది, అంతయు చెరిపి చేయించుకొను మానవుల చేతులలో కలిసిపోయినది. మన యిండ్లలో మాత్రము అమ్మమ్మ కాసులపేరు చెరిపించి మనుమరాలికి నెక్లెసు చేయింపరా? లోహము నశింపదు, దానిపై ఒక పనివాడు కాపురము చేసిన దినములు నశించును. వానికి సాక్ష్యము వేఱొకటి లేనపుడు, కరగుటకు ముందు తీసిన ఒక్క బొమ్మ సామాన్యమైన వస్తువు కాదని నా దృఢవిశ్వాసము.

అతడు మొదట తెచ్చినది హిర్జ్ అనబడు తాయెత్తుగొట్టము. నల్లబడిన వెండి, అడుగున గొలుసులకు మువ్వలు. గదిలో తోడుండు తమ్ముని వరుసవాడు దానిని చూచి, “అన్నా, గీ నల్లబడ్డ వెండికి ఫొటోలెందుకే? జర కుంకుడురసంల ఏసి కడుగరాదే, తళతళ మెరుస్తది” అనెను. “కడిగితే గీతలల్ల ఉన్న నలుపంత పోతది తమ్మీ. ఆ నలుపుంటెనే గదా పని కండ్లవడేది” అని అతడు బదులిచ్చి, బంగారపు గొలుసులకై ఊరినుండి తెప్పించుకొనిన కుంకుడుకాయలను ఆ వెండిజోలికి పోనీయలేదు. ఎంత మంచి నిర్ణయమో నాకు తెలియును. డేరాను తీసివేసి, ఒక్క దీపమును బల్లమట్టమునకు దించి, ప్రక్కనుండి ఏటవాలుగా వెలుగు పాఱించినాడు. గొట్టము మీదికి నేను వంగితిని.

వెండిరవలు వరుసలు తీరి యున్నవి. తీగముక్కలను బొగ్గుమీద నుంచి కరగించినచో అవి తమంతట తామే గుండ్లుగా ముడుచుకొనును. ఆ గుండ్లను త్రికోణములుగా పేర్చి అతికినారు. ఒక మూల రవ యొకటి రాలగా, ఎవరో తగరపుటతుకుతో నింపిరి. అది బూడిదవన్నెగా మొద్దుబారి యున్నది. మూతయంచున ఆకురాయి గీతలు ఒకేవాలున సాగి, కొసను మాత్రము ఎదురుదిక్కునకు తిరిగినవి. పనివాడు అచ్చట వస్తువును చేతిలో త్రిప్పి పట్టుకొనియుండును. నడుమ పొదిగిన ఎఱ్ఱరాయి కెంపు కాదు, గాజు. దానిలో గుండ్రని గాలిబుడగలు తేలుచున్నవి. వీనిని తెరపై చూచుచు నా యజమాని చాలసేపు మాటాడలేదు. పిమ్మట తన తండ్రికి ఆ బొమ్మను పంపి, ఫోనులో, “నాయినా, జూడు, వెలిగారం మనం చల్లినట్లే చల్లిండు” అనెను.

ఆ గొట్టపు గొలుసున ఒక నాణెము వ్రేలాడుచుండెను. ఆస్ట్రియాను ఏలిన రాణి మరియా థెరీసా బొమ్మగల పెద్ద వెండినాణెము. దానిమీద 1780 అని యున్నది. ఆమె మరణించిన సంవత్సరమది. పిమ్మట ఎన్ని టంకశాలలు ఎన్నాళ్లు ముద్రించినను ఆ యేటినే నిలిపినందున, ఆ అంకెను బట్టి నాణెము వయస్సు చెప్పుటకు వీలులేదు. సౌదీ రియాలు ప్రబలుటకు పూర్వము అరేబియాలో ఇవి విరివిగా చెలామణియై, ఒక్కొక్కటి ఇంచుమించు 28 గ్రాముల తూకముతో, నూటికి 83 పాళ్లకు మించిన వెండితో, కంసాలి మూసకు ముడిసరకైనవి. రాణి చెంప అరిగి నునుపెక్కినది. జుట్టుముడిలో మాత్రము పాయలు మిగిలియున్నవి. ఎంతమంది ఎదలపై ఒరసికొని ఆ చెంప అరిగెనో చెప్పుట నా శక్తికి మించినది. అరుగుదలను అరుగుదలగా చూపుట వఱకే నా ధర్మము.

నాటినుండి తూకమునకు పోవు వెండి ఏదైన పనికొట్టమునకు వచ్చినచో, ముందుగా ఒక్కరాత్రి తన బల్లపై నుంచుమని అతడు అందఱను బతిమాలుకొనుచున్నాడు. కొందఱు నవ్వి ఇత్తురు, కొందఱు ఈయరు. ప్రతి నగకును ముందువైపు, వెనుకవైపు, అతుకులు, కొక్కెము, తూకము, దొరకిన ఊరిపేరు చేర్చి దాచుచున్నాడు. వెనుకవైపు తీయుట నాకు మిక్కిలి ఇష్టము, ఏలయన పనివాడు ఎవరును చూడరని తలంచి చేసినదంతయు అచ్చటనే యుండును.

ఈ వారము వచ్చినది వెండి నడుముపట్టీ, ఎల్లుండి కరగించెదరట. ట్యూబు బిగించిన నా దృష్టికి ఒక్కసారిగా అందునది చిన్నచోటు మాత్రమే గనుక, మొత్తమును వేఱొక కటకముతో తీసి, బిళ్లలను మాత్రము ఒక్కొక్కటిగా నాకు విడువవలెనని అతడు పథకము వేసినాడు. బల్లమీద బిళ్లలను నిలిపిపట్టుటకు మైనము సిద్ధముగా నున్నది, గుడ్డ ఉతికి ఆరవేసినాడు, బ్యాటరీలు ఛార్జింగునందున్నవి. కొక్కెము వైపునుండి మొదలిడుదుము.