బి.ఎస్సీ., ఎం.బి.బి.ఎస్. అన్న బోర్డు

మా రోజుల్లో డాక్టరుగారి గుమ్మం పక్కన చెక్కబోర్డు మీద, పేరు కింద ‘బి.ఎస్సీ., ఎం.బి.బి.ఎస్.’ అని ఉండేది. ఈ మనిషి ముందు డిగ్రీ చదివాడు, ఆ తర్వాత ఆలోచించుకుని వైద్యంలోకి వచ్చాడు అని ఆ బోర్డే చెప్పేది. ఇప్పుడు కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా హైవే పొడుగునా క్లినిక్కులే. బోర్డుల నిండా ఎం.డి.లు, డి.ఎం.లు, ఫెలోషిప్పులు. ఆ మొదటి బి.ఎస్సీ. మాత్రం కంటికి ఆనదు. పోతే పోయిందిలే అనుకుంటారు జనం. నాకు మాత్రం అది చిన్న నష్టంగా తోచదు.

మా కాలపు పద్ధతి ఇప్పటి పిల్లలకు తెలియదు. పీయూసీ ఒక ఏడాది, ఆపైన ప్రీ ప్రొఫెషనల్ అని ఇంకో ఏడాది, తర్వాత ఎంబీబీఎస్. 1969లో రెండేళ్ల ఇంటర్ వచ్చింది. అప్పటికి డాక్టరీ మీద మనసు పడనివాడు, లేదా సీటు రానివాడు బీజడ్‌సీలో చేరేవాడు. మేడ్చల్‌లో మీటర్ గేజ్ బండెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి నిజాం కాలేజీకో సైఫాబాద్‌కో పోయేవాడు. బీఎస్సీ పట్టా చేతికొచ్చాక మళ్లీ ఎంబీబీఎస్‌కు దరఖాస్తు పెట్టేవాడు. సీట్లేమో తక్కువ. 1846 నాటి వైద్య పాఠశాల నుంచి ఎదిగిన ఉస్మానియా, 1954లో గాంధీ, 1959లో వరంగల్ కాకతీయ. తెలంగాణకు చాలాకాలం సర్కారు మెడికల్ కాలేజీలు ఆ మూడే. అంత కరువులో కూడా డిగ్రీ అయినవాణ్ణి లోపలికి రానిచ్చారు.

నేను జువాలజీ చెప్పి రిటైరైన మనిషిని. డిగ్రీ ల్యాబులో ఏం జరిగేదో చెబుతాను. మైనం పోసిన ట్రేలో కప్పను వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చేవాళ్లం. పైచర్మం కోసి పక్కకు తీస్తే, కింద పొట్ట కండరం మధ్యగా నిలువునా ఒక సిర కనిపిస్తుంది. దాన్ని తెంపకుండా పక్కనుంచి కత్తెర నడపాలి. తెగిందా, ట్రే అంతా ఎరుపే, ఇక లోపల ఏదీ కనబడదు. మొదటి ఏడాది సగం మంది తెంపేవాళ్లు. మూడో ఏడాదికి చెయ్యి కుదురుకునేది. కొందరికి ఎప్పటికీ కుదిరేది కాదు, ఈ పని తమది కాదని వాళ్లకే తెలిసిపోయేది. ఇంకొందరు గంట కొట్టినా లేచేవాళ్లు కాదు. “గుండె ఇంకా కొట్టుకుంటోంది సార్, కాసేపు చూసి వస్తాం” అనేవాళ్లు. వాళ్లను చూస్తే నాకు అర్థమయ్యేది, వీళ్లు ఎటు పోవాల్సినవాళ్లో. పదహారేళ్లకు అర్థం కానిది ఇరవై ఏళ్లకు అర్థమైంది వాళ్లకు. అందులో తప్పేముంది?

కప్పల్ని కోయడం మానేశారు. మంచిదే, ఆ జీవాల ఉసురు మనకొద్దు. కానీ దాని స్థానంలో ఏం పెట్టారు? ఓఎంఆర్ షీటు పెట్టారు.

ఇప్పుడు ఆరో తరగతిలోనే ఫౌండేషన్ అంటారు. పదో తరగతి ఫలితాలు రాకముందే బైపీసీకి అడ్వాన్సు కట్టేస్తారు. ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉన్న ఈ చుట్టుపక్కల నేలమీద ఇప్పుడు రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్లు లేచాయి. తెల్లారకముందే స్టడీ అవరు, రాత్రి మళ్లీ స్టడీ అవరు, వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షను మార్పిడి. ఔటింగ్ రోజున గేటు దగ్గర తల్లి అన్నం కలిపి పెడుతుంటే, పిల్ల తింటూ నోట్సు తిప్పుతుంటుంది. ప్రాక్టికల్స్ సంగతి అడక్కండి. మైక్రోస్కోపు ముట్టని పిల్లకు కూడా ముప్పైకి ముప్పై పడతాయి. డాక్టరు కావాలన్నది ఆ పిల్ల కోరికా, నాన్న కోరికా అని అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఆపైన నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు. 2024లో దేశం మొత్తం మీద 24 లక్షల మంది దాకా దరఖాస్తు పెట్టారు. సీటు రానివాళ్లు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరతారు. మళ్లీ రాకపోతే ఇంకో లాంగ్ టర్మ్. ఇరవై ఒకటో ఏట చూస్తే చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ తప్ప ఇంకేమీ లేని పిల్లలు మా కాలనీలోనే ఉన్నారు. ఆ ఏళ్లలో మావాళ్లు ఒక డిగ్రీ పూర్తి చేసేవాళ్లు. సీటు వచ్చినా రాకపోయినా చదివిన చదువు వాళ్లదే. లాంగ్ టర్మ్‌కు పట్టా లేదు, ఉద్యోగం లేదు, చెప్పుకోవడానికి పేరు కూడా లేదు.

ఇక శామీర్‌పేట వైపు రండి. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ. కొవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ ఉన్నది అక్కడే. ఇటు మేడ్చల్‌లో శాంతా బయోటెక్నిక్స్. 1997లో హెపటైటిస్ బి టీకాను మన దేశంలోనే తయారుచేసి, అందరికీ అందే ధరకు తెచ్చిన కంపెనీ అది. దాన్ని పెట్టిన వరప్రసాద్ రెడ్డిగారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, భారత్ బయోటెక్ కృష్ణ ఎల్లాగారు వ్యవసాయ శాస్త్రం చదివినవారు. వేరే చదువుల నుంచి వచ్చినవాళ్లు మన పిల్లల ప్రాణాలు నిలబెట్టే మందులు చేశారు. ఆ కంపెనీల్లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివిన ఆడపిల్లలు, మగపిల్లలు తెల్లగౌన్లు వేసుకుని క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తుంటారు. వాళ్లలో ఒక అమ్మాయి, మా పాత స్టూడెంటు కూతురు, మొన్న ఇంటికొచ్చింది.

“సార్, ఎంబీబీఎస్ చదవాలని ఉంది. దారేమన్న ఉందా?”

“ఉంది బిడ్డా. నీట్ రాయాలె.”

“మళ్ల ఇంటర్ పుస్తకాలేనా?”

“అవే.”

“మరి నేను చదివిన ఐదేండ్లు?”

ఏం చెప్పను? ఆ ఐదేళ్లకు ఒక మార్కు కలవదు, ఒక నెల తగ్గదు. బ్యాక్టీరియాను రోజూ పెంచి చూస్తున్న పిల్ల, పదిహేడేళ్ల పిల్లల పక్కన కూచుని, ఇంటర్ ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలకు టిక్కులు పెట్టాలి. గెలిస్తే మొదటి సంవత్సరం నుంచి మొదలు, నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. 2017లో అయితే 25 దాటితే రాయనే కూడదన్నారు. 2022లో ఆ వయసు పరిమితి తీసేశారు, అంతవరకు సంతోషం. తలుపు తాళం తీశారు గానీ గడియ అలాగే ఉంది.

అదే శామీర్‌పేటలో 1998లో పెట్టిన నల్సార్ ఉంది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా. అలాగని డిగ్రీ అయినవాళ్లను న్యాయవిద్య వదిలేయలేదు. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరొచ్చు. లెక్కలతో బీఎస్సీ చేసినవాడు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూచోవచ్చు. వకీలుకు రెండు దారులు, ఇంజనీరుకు రెండు దారులు. డాక్టరుకు మాత్రం ఒక్కటే ఎందుకో నాకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి వేరు. అక్కడ ముందు డిగ్రీ, తర్వాత ఎంక్యాట్, ఆ తర్వాత నాలుగేళ్ల ఎండీ. 1893లో జాన్స్ హాప్కిన్స్ పట్టిన పద్ధతి, 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదికతో దేశమంతా స్థిరపడింది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీ 1996లో డిగ్రీ అయినవాళ్లకు నాలుగేళ్ల కోర్సు తెరిచింది. 2000లో లండన్ సెయింట్ జార్జ్ కూడా అదే చేసింది. బ్రిటన్‌లో స్కూలు నుంచి నేరుగా వచ్చేవాళ్లకు ఐదారేళ్ల కోర్సు ఎప్పటిలాగే ఉంది, దాని పక్కనే ఇదీ నడుస్తోంది. నాకు నచ్చింది ఆ పద్ధతే.

ఎందుకంటే అందరూ డిగ్రీ చదివే రావాలి అని నేను అనను. ఆ మాట అంటే మన పేదపిల్లల నోట్లో మట్టి కొట్టినట్టే. సర్కారు కాలేజీలో ఏడాదికి 10 వేల ఫీజుతో చదివి, 23 ఏళ్లకు డాక్టరై, తమ్ముణ్ణీ చెల్లెనూ నిలబెట్టిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లకు ఇంకొన్నేళ్లు అడ్డం పెట్టడం పాపం. దక్షిణ కొరియా చాలా కాలేజీల్ని అమెరికా పద్ధతిలోకి మార్చి చూసి, కొన్నేళ్లకే ఎక్కువ వాటిని వెనక్కి తిప్పుకుంది. నేరుగా వచ్చే దారి ఉండాల్సిందే. పదిహేడేళ్లకే మనసు తెలిసిన పిల్లలు ఉంటారు, వాళ్లను పోనివ్వండి.

ఆలస్యంగా తెలిసినవాళ్ల సంగతే నేను అడిగేది. సీట్లు లేవని ఇప్పుడు ఎవరూ అనలేరు. మా మేడ్చల్ పక్కన ఘనపూర్‌లో మెడిసిటీ 2002 నుంచే ఉంది, కండ్లకోయలో సీఎంఆర్ వాళ్లది వచ్చింది. 2024లో కుత్బుల్లాపూర్ పేరుతో సర్కారు కాలేజీకి కూడా 50 సీట్లిచ్చారు. ప్రైవేటు కాలేజీల్లో బి కేటగిరీ అని ఏడాదికి 11 లక్షల పైన కట్టగలిగినవాళ్లకు వేరే వాటా పెట్టగలిగారు కదా. బీఎస్సీ, ఎమ్మెస్సీ, నర్సింగ్, ఫార్మసీ చదివి వచ్చేవాళ్లకు ప్రతి సర్కారు కాలేజీలో నాలుగు సీట్లు పెట్టలేరా? వాళ్లు డిగ్రీలో చదివిన దాంట్లోనే పరీక్ష పెట్టండి. ఎదురుగా కూచోబెట్టి మాట్లాడండి. నాలుగేళ్లకు కుదించిన కోర్సు ఇవ్వండి. బదులుగా కొన్నేళ్లు పల్లె పీహెచ్‌సీలో పనిచేస్తానని రాయించుకోండి. ఢిల్లీలో నేషనల్ మెడికల్ కమిషన్ ఒప్పుకోవాలి, ఇక్కడ వరంగల్ కాళోజీ వర్సిటీ గట్టిగా అడగాలి.

వయసు మీరిందంటారు. ఆ అమ్మాయి 24వ ఏట చేరి, నాలుగేళ్లు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తే 29. మన రాష్ట్రంలో సర్కారు కొలువు 61 దాకా. అంటే 32 ఏళ్ల సర్వీసు. శామీర్‌పేట అవతలి ఏ పల్లె పీహెచ్‌సీలోనైనా అడగండి, అన్నేళ్లు మా దగ్గరుండే డాక్టరు మాకొద్దు అని ఎవరంటారో చూద్దాం.