గాన్ ముందు ఏం పెట్టాలి?

గో, వెంట్, గాన్ అని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పగలిగితే మీకు సగం ఇంగ్లీషు వచ్చినట్టే. టీచర్లు వీ3 అనే ఆ మూడో రూపం ముందు ఏ సహాయక క్రియ పెట్టాలన్నదే మిగతా సగం. ఈజా, హ్యాజా, హ్యాడా? అర్థం చూసి పెట్టడం పాత పద్ధతి. వినేవారెవరో, దాచాల్సిందేమిటో చూసి పెట్టండి.

హోదా కావాలంటే హ్యాడ్. "ఐ వెంట్ టు తిరుపతి" అంటే బస్సెక్కి వెళ్ళొచ్చినట్టుంటుంది. "ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి" అంటే వీఐపీ బ్రేక్ దర్శనం అయినట్టే. గతంలో జరిగిన రెండు పనుల్లో ముందుదానికే హ్యాడ్ వాడాలంటుంది వ్యాకరణం. ఆ రెండో పనేమిటని ఎవరైనా అడిగితే చేతిలో లడ్డూ పెట్టండి.

హ్యావ్ ఆఫీసు సరుకు. "ఐ హ్యావ్ సెంట్ ది మెయిల్ యెస్టర్‌డే" అని నిస్సంకోచంగా రాయండి. నిన్న అని చెప్పాక హ్యావ్ పొసగదు, ఉత్త సెంట్ చాలు. తెలిసినవాళ్ళు అది దిద్దే హడావిడిలో, అసలు మెయిల్ వెళ్ళిందా అని అడగడం మరిచిపోతారు. పని మొదలే పెట్టకపోతే "ఇట్ ఈజ్ బీయింగ్ డన్". చేస్తున్నదెవరో చెప్పక్కర్లేదు, కర్మణి ప్రయోగం ఉన్నదే అందుకు.

అసలు చిక్కు ఈజ్ గాన్, హ్యాజ్ గాన్ల మధ్య. మేనేజరు సీట్లో లేకపోతే "హి హ్యాజ్ గాన్ టు ది బ్యాంక్" అనాలి. బ్యాంకు ఊసెత్తకుండా "హి ఈజ్ గాన్" అన్నారో, విన్నవాళ్ళు కాసేపు మౌనం పాటించి, ఆ సీటు ఎవరికిస్తున్నారని ఆరా తీస్తారు.

అలాగని ఈజ్‌ది తప్పేం కాదు. రావడం, పోవడం, లేవడం, మారడం లాంటి అకర్మక క్రియలకు ఒకప్పుడు ఇంగ్లీషులో బీ రూపాలే ఎక్కువ. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో క్రీస్తు పునరుత్థానానికి ఈజ్ రిజన్ అనే ఉంటుంది. తర్వాత హ్యావ్ ఒక్కొక్క క్రియనూ కలుపుకుంటూ పోయి, 19వ శతాబ్దం ముగిసేసరికి దాదాపు అన్నిటినీ ఆక్రమించింది. జర్మన్, ఫ్రెంచి వాళ్ళు ఇప్పటికీ రెండూ పోషిస్తున్నారు. కాబట్టి ఇంటర్వ్యూలో నోరుజారి "ఐ యామ్ కమ్" అంటే కంగారు పడకండి, షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషని దబాయించండి.

అదే ఊపులో "ఐ యామ్ ఈటెన్" మాత్రం అనకండి. సకర్మక క్రియ ముందు బీ పెడితే మిమ్మల్నే ఎవరో తినేశారని అర్థం. షేక్‌స్పియర్ కూడా ఆదుకోడు.

ఇంకా సందేహముంటే రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కొని, వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా అల్మరాలో పెట్టండి. ఆ రెన్ గారే 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాశారు. చదవడానికి అది తెచ్చుకోండి.