పురుగుపాటి చేయని ఒళ్లు

హిందూపురం పక్క పల్లెలో మా బావ పట్టుపురుగులు మేపుతాడు. ఆయన షెడ్డు దగ్గర చుట్టరికాలు చెల్లవు. చెప్పులు బయట విప్పాలి, బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచాలి, చేతులు కడగాలి. "ఊరంతా తిరిగొచ్చింటావు, నీ అంటు నా పురుగులకెందుకు బావా?" అంటాడు. నాకు కోపం రాలేదు. పురుగు మీద అసూయ కలిగింది.

ఎందుకు కలగదు? ఆ పురుగు పుట్టకముందే దాని తల్లికి పరీక్ష జరిగి ఉంటుంది. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను విత్తన కేంద్రంలో నూరి, ఆ రసాన్ని మైక్రోస్కోపు కింద చూస్తారు. పెబ్రిన్ రోగపు బీజం కంటబడిందా, గుడ్లన్నీ మంటపాలు. సిఫారసు లేదు, "ఈసారికి పోనీలే" లేదు. ఇక ఈ పురుగుల కోసం హిందూపురం దగ్గరి కిరికెరలో ఏకంగా రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థే కొలువుంది.

ఈ తల్లి పరీక్ష లూయీ పాశ్చర్ పెట్టిన పద్ధతి. 1865లో ఫ్రాన్సులోని అలెస్‌లో పురుగులు కుప్పలుగా చస్తున్నాయని ఆయన్ను పంపారు. అప్పటికి ఆయన పట్టుగూడును చెవి దగ్గర ఆడించి, లోపల ఏదో ఉందే అని ఆశ్చర్యపోయిన మనిషి. కీటకాల పండితుడు ఫాబ్ర్ ఈ ముచ్చట రాసిపెట్టాడు. పురుగులు గూళ్లు కట్టే మన చంద్రికల చుట్టూ ఆడుకునే పిల్లోడికి తెలిసినంత కూడా ఆయనకు తెలియదన్నమాట. పైగా మొదట్లో ఆ బీజాలు రోగానికి కారణం కాదని తేల్చాడు. తర్వాత తానే తప్పని గ్రహించి మాట మార్చుకున్నాడు. అదే మన దగ్గర డాక్టరు "మొన్న నేను చెప్పింది తప్పు" అంటే ఆ గడప మళ్లీ తొక్కుతామా? అలెస్‌లో పురుగులతో గడిపిన ఆ అయిదేళ్లే, మనుషుల రోగాల వెనక కూడా సూక్ష్మజీవులను వెతికే దారిలో ఆయన్ను పెట్టాయి. మనిషి వైద్యం పురుగు దగ్గర పాఠం నేర్చుకుంది. పాఠం పురుగుల షెడ్డులోనే మిగిలిపోయింది, అది వేరే సంగతి.

పురుగుకు నాలుగు జ్వరాలొస్తాయి. కుబుసం విడిచే దశను మన రైతులు జ్వరమనే అంటారు. జ్వరానికి పోయిన పురుగుకు మేత ఆపి, సున్నం చల్లి, కదిలించకుండా వదిలేస్తారు. ఒక్క పురుగుకూ సూది వేయరు. అదే మా బావకు జలుబు చేసి ఒళ్లు వెచ్చబడితే సాయంత్రానికి రెండు సూదులు, ఒక గ్లూకోజు బాటిలు, కాగితం పొట్లంలో నాలుగు రంగుల బిళ్ళలు. ఆ బిళ్ళలేమిటని అడగడు. సూది వెయ్యని డాక్టరును మాత్రం అనుమానిస్తాడు.

ధర్మవరంలో చీర కొనే ఆడవాళ్లు ఇంతకంటే నయం. అంచులో ఒక పోగు లాగి కాలుస్తారు. వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, బూడిద పొడిగా రాలితే పట్టు. కరిగి ముద్దకడితే బేరం లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కారు కూడా పరీక్షలు దాటితేగానీ గేటు దాటదు. దారప్పోగుకు నిప్పు పరీక్ష, కారుకు రోడ్డు పరీక్ష. గొంతులో వేసుకునే బిళ్ళకు మాత్రం నమ్మకమే పరీక్ష.

ఈమధ్య నాకు దవడ పన్ను పీకారు. చిగురుకు నల్లదారంతో రెండు కుట్లు వేశారు. ఆ దారం పట్టుదే. ఎన్నో ఏళ్లుగా ఆపరేషన్లలో నిలిచిన సరుకు, నమస్కారం పెట్టాను. చీటీలో వాపుకని రాసిన బిళ్ళ కూడా పట్టుపురుగు చుట్టమే. పేరు సెర్రాషియోపెప్టిడేజ్. పట్టుపురుగు పేగులో దొరికిన బ్యాక్టీరియా నుంచి జపాన్ వాళ్లు తీసిన ఎంజైము. గూడును కరిగించే పురుగు వాపును కరిగించదా అని దీని గురించి ఒక కథ తిరుగుతుంటుంది. నిజానికి గూడును కరిగించేది చిలుక నోటి నుంచి వచ్చే వేరే ఎంజైము. కథ మాత్రం బిళ్ళకంటే బాగా పని చేస్తుంది.

జపాన్లో టకెడా కంపెనీ దీన్ని డాన్‌జెన్ పేరుతో 1968 నుంచి అమ్మింది. తర్వాత ఒకసారి గట్టిగా పరీక్ష పెట్టారు. కొందరికి అసలు బిళ్ళ, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ళ. రెండింటికీ తేడా తేలలేదు. 2011లో ఆ కంపెనీయే సరుకు వెనక్కి తీసుకుంది. నలభై ఏళ్లకు పైగా డబ్బులు తెచ్చిన బిళ్ళను! ఈ ముక్క మందుల షాపు కుర్రాడికి చెప్పాను.

"అది జపాన్ వాపు సార్. మనది వేరే."

"పని చేస్తుందని ఎట్లా తెలుసప్పా?"

"వారంలో అందరికీ తగ్గుతాంది కదా సార్."

ఏమీ వేసుకోకపోయినా వారంలో తగ్గుతుందని నేననలేదు. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు.

బిళ్ళలు జేబులోనే ఉంచేసుకున్నాను. వారానికి వాపు పోయింది. కుట్లు విప్పుతూ డాక్టరు, "చూశారా, బిళ్ళ బ్రహ్మాండంగా పని చేసింది" అన్నారు. నోరు తెరిచే ఉంది కాబట్టి జవాబు చెప్పలేకపోయాను. ఆ మాటకొస్తే నా ఒక్క దవడా రుజువు కాదు. అయినా ముచ్చట ఆగక మా బావకు చెబుదామని పోయి, షెడ్డు గుమ్మంలో నిలబడి షీటు బయటికి తీశాను.

"పారేస్తావా ఏంది బావా! నాకు మోకాలు వాచింది, ఇట్లియ్యి" అంటూ చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆయన కాళ్లింకా బ్లీచింగ్ నీళ్లలోనే ఉన్నాయి.